ఇంటి దగ్గర వెల్డింగ్ మొదలుపెట్టాలంటే ముందుగా ఏ పనిముట్లు, ఏ రక్షణ సామగ్రి కొనాలి?

ప్రశ్న: మలికిపురం తోట

పెద్దలందరికీ నమస్కారమండి. మాది మలికిపురం దగ్గర ఒక పల్లె. కొంత కొబ్బరితోట, దానికి ఆనుకొని ఒక రొయ్యల చెరువు ఉన్నాయి. సముద్రం దగ్గర కావడం వల్ల చెరువు నీటికి గాలి పట్టించే ఏరేటర్ల ఫ్రేములు, మోటారు స్టాండు, తోట గేటు, పశువుల పాకకు వేసిన ఏంగిళ్లు (ఎల్ ఆకారపు ఇనుప కమ్మీలు) ఎప్పుడూ ఏదో ఒకటి తుప్పుపట్టి అతుకు దగ్గర విడిపోతూనే ఉంటాయి. చిన్న అతుకు వేయించాలన్నా సామానును ట్రాక్టరులో వేసుకొని షాపుకు తీసుకెళ్లాలి. అక్కడ పెద్ద పనులు నడుస్తున్న రోజుల్లో మన పనికి వంతు ఎప్పుడొస్తుందో తెలియదు. అందుచేత ఈ చిన్న చిన్న పనులు నేనే చేసుకోవాలనుకుంటున్నాను.

వెల్డింగ్ చేస్తుండగా దూరం నుంచి చూడడమే తప్ప ఎన్నడూ హోల్డర్ (రాడ్డును పట్టి ఉంచే పిడి) చేతపట్టలేదు. అన్నిటికీ కలిపి పదిహేను వేల రూపాయల వరకు పెట్టగలను. ఇనుప సామాను కొట్టులో అడిగితే, పెట్టె మీద 400 ఆంపియర్లని రాసి ఉన్న ఒక చిన్న ఇన్వర్టర్ వెల్డింగ్ యంత్రం చూపించి, దీనితో పాటు ఒక నల్ల కళ్లద్దాల జత తీసుకుంటే చాలన్నారు. మా బావగారేమో ముందు ముఖానికి, చేతులకు, కాళ్లకు కావలసినవి కొనుక్కుని, మిగిలిన డబ్బులో యంత్రం చూసుకోమంటున్నారు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి? పని చేసే చోటు ఇంటి వెనుక ఉన్న రేకుల షెడ్డు. దాని పక్కనే కొబ్బరి డొక్కల గుట్ట ఉంటుంది. షెడ్డులో ప్రస్తుతానికి ఒక మామూలు ప్లగ్గు మాత్రమే ఉంది.

జవాబు: పాలకొల్లు ఫ్యాబ్రికేషన్

మీ బావగారి మాట వినండి. కొట్టులో చూపించిన యంత్రం సంగతి ముందు తేల్చేద్దాం. 400 ఆంపియర్ల ఆర్కు, అంటే రాడ్డు కొనకూ ఇనుముకూ మధ్య వెలిగే విద్యుత్ మెరుపు, నిలబడాలంటే దాదాపు 36 వోల్టులు కావాలి, అంటే 14 కిలోవాట్లకు పైమాటే. చేత్తో ఎత్తుకునే పెట్టె సింగిల్ ఫేజు ఇంటి కనెక్షన్ నుంచి అంత శక్తి తీయడం జరిగే పని కాదు. పెట్టె మీద రాసింది నమ్మకుండా, యంత్రం వెనుక అతికించి ఉండే రేటింగ్ పలకను చదవండి. ఎన్ని ఆంపియర్ల వద్ద ఎంత శాతం పనిచేస్తుందో దాని మీద ఉంటుంది. 60 శాతం అని ఉంటే, ఆ ఆంపియర్ల వద్ద పది నిమిషాల్లో ఆరు నిమిషాలు మాత్రమే ఆర్కు నడపవచ్చు, మిగిలిన నాలుగు నిమిషాలు చల్లారనివ్వాలి అని అర్థం. ఆ పలకే లేని యంత్రాన్ని కొనవద్దు.

మీరు చెప్పిన పనులకు నిజాయితీగా 160 నుంచి 200 ఆంపియర్లు ఇచ్చే ఇన్వర్టర్ యంత్రం సరిపోతుంది. 6013 రకం 2.5 మిల్లీమీటర్ల రాడ్డుకు (కరిగి అతుకుగా మారే, పైపూత ఉన్న కడ్డీ) 60 నుంచి 90 ఆంపియర్లు, 3.15 రాడ్డుకు 90 నుంచి 130 ఆంపియర్లు పెడతాం. ఏంగిలు, ఫ్లాటు (ఇనుప పట్టీ) 3 మిల్లీమీటర్ల నుంచి 6 మిల్లీమీటర్ల మందం వరకు ఉన్న పనులన్నీ ఈ రెండు రాడ్లతోనే గడిచిపోతాయి. నేర్చుకునేటప్పుడు మాత్రం 5 లేదా 6 మిల్లీమీటర్ల ఫ్లాటు ముక్కల మీద మొదలుపెట్టండి. పలచని చదరపు పైపుతో మొదలుపెట్టిన వారికి అతుకు పడటం కంటే ముందు పైపుకు కన్నం పడుతుంది, ఆ తరువాత తప్పు చేతిదా యంత్రానిదా అన్న అనుమానంతోనే నెలలు గడిచిపోతాయి.

ఇక నల్ల కళ్లద్దాల గురించి. ఎండకు పెట్టుకునేవి గాని, గ్యాస్ కటింగ్‌కు పెట్టుకునేవి గాని ఆర్కు ముందు పనికిరావు. 2.5 రాడ్డుకు 10వ నంబరు, 3.15 రాడ్డుకు 11వ నంబరు చీకటి గల అద్దం కావాలి. అదీగాక అద్దాలు కళ్లను మాత్రమే కప్పుతాయి. ఆర్కులో ఉండే అతినీలలోహిత కిరణాలకు ముఖం, మెడ కూడా కమిలిపోతాయి, కొన్ని రోజులకు పొరలు లేస్తాయి. కొత్తవారికి నా సలహా, ఆర్కు వెలగగానే దానంతటదే నల్లబడే ఆటో హెల్మెట్ తీసుకోండి. చేత్తో పట్టుకునే పాత షీల్డుతో ఒక చేయి దానికే పోతుంది. పైగా రాడ్డు ఎక్కడ ఆనిందో చూడటానికి షీల్డు తొలగించి, ఆనించి, మళ్లీ కప్పుకునే ఆ క్షణంలోనే కంటికి దెబ్బ తగులుతుంది. మంచి ఆటో హెల్మెట్‌లో అద్దం నల్లబడక ముందు కూడా లోపలి పొర అతినీలలోహిత కిరణాలను ఆపుతూనే ఉంటుంది, వెలుగును మాత్రమే తరువాత ఆపుతుంది. కొనేటప్పుడు 9 నుంచి 13 వరకు నంబరు మార్చుకునే వీలు, ముందువైపు కనీసం రెండు సెన్సర్లు, బయట మార్చుకోదగిన తెల్ల ప్లాస్టిక్ అద్దం ఉన్నాయో లేదో చూడండి. చాలా హెల్మెట్లలో గ్రైండింగ్‌కు వేరే మోడ్ ఉంటుంది, అందులో ఉన్నంతసేపు అద్దం నల్లబడదు. గ్రైండింగ్ అయ్యాక ఆ మీటను వెనక్కి తిప్పడం మరిచి ఆర్కు కొట్టేవారిని మా షాపులోనే చూస్తుంటాను.

చేతులకు మోచేతి దగ్గరికి వచ్చే తోలు గ్లౌజులు, ఒంటికి తోలు ఏప్రాన్ లేదా కనీసం మందపాటి నూలు చొక్కా పూర్తి చేతులతో, మందపాటి నూలు ప్యాంటు ఉండాలి. పాలిస్టర్ బట్ట నిప్పురవ్వకు కరిగి చర్మానికి అతుక్కుంటుంది. లుంగీ కట్టుకొని, హవాయి చెప్పులతో వెల్డింగ్ చేసే అలవాటు మన వైపు అందరికీ ఉన్నదే కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను, అది మాత్రం మొదటి రోజు నుంచే వద్దు. తోలు బూట్లు వేసుకొని ప్యాంటును వాటి మీదుగా బయటికి వదలండి. లోపలికి దోపుకుంటే కరిగిన లోహపు చుక్క నేరుగా బూటులోకి దిగుతుంది.

అందరూ ఆర్కుకు భయపడతారు గాని, మా పనిలో గాయాలు ఎక్కువగా అయ్యేది గ్రైండర్ వల్ల. 4 అంగుళాల గ్రైండర్ నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో కటింగ్ వీల్ పగిలితే ముక్కలు ఎటు వెళతాయో చెప్పలేం. కాబట్టి గార్డు (చక్రం మీది రక్షణ రేకు) తీసేసిన గ్రైండర్‌ను ముట్టుకోకండి. కోత బాగా కనబడుతుందని గార్డు విప్పి పక్కన పెట్టేవారు మన చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. వీల్ మీద రాసిన గరిష్ఠ వేగం గ్రైండర్ వేగం కంటే ఎక్కువగా ఉండాలి. నడిమి లోహపు రింగు మీద గడువు తేదీ కూడా ముద్రించి ఉంటుంది, తీసుకొనేటప్పుడు చూసుకోండి. 1 మిల్లీమీటరు పలచని కటింగ్ వీల్‌తో పక్కవాటుగా అరగదీయకూడదు, అరగదీయడానికి మందపాటి గ్రైండింగ్ వీల్ వేరే ఉంటుంది. మెడలో తువ్వాలు వేసుకొని గ్రైండర్ పట్టుకోవడం వల్ల అది చక్రానికి చుట్టుకుపోయిన సంఘటనలు మన జిల్లాల్లో కొత్త కాదు. గ్రైండింగ్ చేసేటప్పుడు పక్కలు మూసి ఉండే పారదర్శకమైన గాగుల్స్, చెవులకు ప్లగ్గులు తప్పనిసరి. ఆ గాగుల్స్‌ను హెల్మెట్ లోపల కూడా ఉంచుకోండి, ఎందుకంటే స్లాగ్ (అతుకు మీద గట్టిపడే పెంకు) కొట్టేటప్పుడు హెల్మెట్ పైకెత్తుతాం, అప్పుడే వేడి పెంకు కంట్లోకి ఎగురుతుంది.

మిగిలినవి చిల్లర సామాను: చిప్పింగ్ సుత్తి, వైర్ బ్రష్, మూలమట్టం, టేపు, సుద్ద, పంచి, ఆకురాయి, ఒక వైస్, రెండు మూడు సి క్లాంపులు, ఒక అయస్కాంతపు మూల. పాత సామానులో దొరికినవైనా ఫర్వాలేదు. వైస్ గ్రిప్ ప్లయర్ మాత్రం కొత్తది కొనండి, వేడి ముక్కను పట్టుకునేది దానితోనే.

జవాబు: తణుకు విశ్రాంత విద్యుత్ ఉద్యోగి

పైన చెప్పినవారి మాటల్లో నేను దిద్దవలసింది ఏమీ లేదు. అయితే షెడ్డులో ఒక మామూలు ప్లగ్గు మాత్రమే ఉందని మీరు రాశారు కదా, నాకు అక్కడే ఆందోళన కలిగింది. 6 ఆంపియర్ల ప్లగ్గుకు వెల్డింగ్ యంత్రాన్ని తగిలించకూడదు. 2.5 రాడ్డుతో 90 ఆంపియర్ల దగ్గర పని చేస్తున్నప్పుడు మామూలు ఇన్వర్టర్ యంత్రం మీటరు వైపు నుంచి సుమారు 15, 16 ఆంపియర్లు లాగుతుంది. 3.15 రాడ్డుకు వెళితే 20 దాటుతుంది. కాబట్టి మెయిన్ బోర్డు నుంచి షెడ్డు వరకు ఈ పనికోసమే 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేరుగా లాగించి, ఆ తీగకు తగిన ఎం.సి.బి. (కరెంటు మితిమీరితే దానంతటదే ఆపే స్విచ్చి) పెట్టించి, దానికి తగిన ఇండస్ట్రియల్ సాకెట్ బిగించండి. 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. (కరెంటు నేలకు గాని మనిషికి గాని లీకైతే ఆపే స్విచ్చి) కూడా ఆ లైనులో ఉండాలి. ఇవన్నీ లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత చేయించండి. మీ కనెక్షన్‌కు మంజూరైన లోడు ఎంతో బిల్లు మీద ఉంటుంది, అది చాలకపోతే ముందే పెంచుకోవడం మంచిది.

తీగ మందం గురించి ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఇంటి నుంచి షెడ్డుకు 30 మీటర్ల దూరం ఉందనుకోండి. 16 ఆంపియర్లు లాగినప్పుడు 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో దాదాపు 12 వోల్టులు దారిలోనే పోతాయి, 4 చదరపు మిల్లీమీటర్ల తీగలో నాలుగున్నర వోల్టులకు మించి పోవు. చెరువుల మీద ఏరేటర్లన్నీ ఒకేసారి తిరిగే రాత్రివేళల్లో ఊళ్లో వోల్టేజీ ఎలాగూ పడిపోతుంది. దానికి ఈ నష్టం తోడైతే రాడ్డు ఇనుముకు అతుక్కుపోతూనే ఉంటుంది, నేర్చుకునేవారు అది తమ చేతి లోపమనుకుంటారు. ఎక్స్‌టెన్షన్ తీగ వాడక తప్పకపోతే చుట్టను పూర్తిగా విప్పి పరచండి. చుట్టగానే ఉంచి వాడితే లోపలి చుట్లలో వేడి బయటికి పోక పై తొడుగు మెత్తబడుతుంది.

ఎర్తింగ్ విషయంలో మన డెల్టాకు ఒక మంచీ ఒక చెడూ ఉన్నాయి. నేలలో తడి ఎప్పుడూ ఉంటుంది కనుక ఎర్త్ గుంట బాగా పనిచేస్తుంది. అయితే మీ వైపు ఉప్పునేలలో జి.ఐ. (జింకు పూత పూసిన ఇనుము) కడ్డీని, దాని పైనున్న బోల్టును కొన్నేళ్లకే తుప్పు తినేస్తుంది. తీగ చూడటానికి చెక్కుచెదరకుండా ఉన్నా, గుంట లోపల బోల్టు దగ్గర పూర్తిగా తెగిపోయి ఉంటుంది. ఎర్త్ టెస్టరుతో కొలిపించకుండా ఎర్త్ ఉందని అనుకోవద్దు.

ఇంకొక సంగతి. యంత్రం నుంచి వచ్చే రెండో కేబుల్ చివర ఉన్న క్లాంపును అందరూ ఎర్త్ అంటాం గాని, దానికీ ఇంటి ఎర్తింగ్‌కూ సంబంధం లేదు. ఆర్కు గుండా వెళ్లిన కరెంటు యంత్రానికి తిరిగి రావడానికి అది దారి. దాన్ని అతుకు వేసే ముక్కకే, అతుకుకు వీలైనంత దగ్గరగా, తుప్పు గీకి శుభ్రం చేసిన చోట బిగించాలి. గేటు స్తంభానికో, షెడ్డు కమ్మీకో తగిలించి ఇక్కడ అతుకు వేస్తే ఆ కరెంటు తనకు దొరికిన దారిలో తిరిగి వస్తుంది. మోటారు స్టాండు మీద మోటారు ఉండగానే అతుకు వేసి, క్లాంపును అవతలి వైపు పెట్టారనుకోండి, బేరింగుల గుండా పోయి వాటిని పాడు చేస్తుంది. ట్రాక్టరుకు గాని మోటారు సైకిలుకు గాని వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ తీగలు ముందే విప్పేయాలి.

హోల్డర్ దగ్గర ఆర్కు లేనప్పుడు 60 నుంచి 80 వోల్టులు ఉంటాయి. పొడి చేతికి అది తెలియకపోవచ్చు. మే నెలలో చెమటతో తడిసిన చొక్కా, తడి గ్లౌజు, కాలికింద చిత్తడి నేల ఉన్నప్పుడు అదే వోల్టేజీ ప్రాణం తీయగలదు. రాడ్డు మార్చేటప్పుడు గ్లౌజు తీయవద్దు, హోల్డర్‌ను చంకలో పెట్టుకోవద్దు. గ్లౌజులు రెండు జతలుంచుకుని, ఒకటి చెమటకు తడిస్తే ఆరబెట్టి రెండోది వేసుకోండి. నేల తడిగా ఉంటే పొడి చెక్క పలక మీదో, రబ్బరు చాప మీదో నిలబడండి. వి.ఆర్.డి. అనే ఏర్పాటు ఉన్న యంత్రం దొరికితే కొంచెం ఎక్కువ ధరైనా తీసుకోవచ్చు. ఆర్కు లేని సమయంలో అది ఆ వోల్టేజీని బాగా తగ్గించి ఉంచుతుంది.

జవాబు: రావులపాలెం సర్వీసింగ్

ఈ రోజుల్లో కొత్తవారు రాడ్డుతో ఎందుకు కష్టపడాలో నాకు అర్థం కావడం లేదు. గ్యాసు అక్కర్లేని మిగ్ యంత్రాలు (రాడ్డుకు బదులు చుట్టలోని తీగతో అతికేవి) వస్తున్నాయి. తీగ దానంతటదే వస్తూ ఉంటుంది, రాడ్డు అతుక్కుపోయే బాధ లేదు, పలచని పైపుకు కూడా కన్నం పడకుండా పని అవుతుంది. నా అభిప్రాయంలో అదే నయం.

జవాబు: పాలకొల్లు ఫ్యాబ్రికేషన్

పలచని పైపు విషయంలో మీరన్నది నిజమే. అయితే ఆయనకున్న పని తుప్పుపట్టిన ఏంగిళ్లది, ఆయన పెట్టగలిగింది పదిహేను వేలు. తీగ చుట్ట ఒకసారి విప్పాక ఆ ఉప్పుగాలికి పైన తుప్పు పడితే యంత్రంలో సాఫీగా కదలదు. రాడ్డు యంత్రానికి చెడిపోయే భాగాలు తక్కువ, కేబుల్ పొడవుగా వేసుకుని చెరువు గట్టు దాకా వెళ్లవచ్చు. రెండేళ్లు రాడ్డుతో చేయి తిరిగాక మిగ్ కొనుక్కుంటే ఎవరూ కాదనరు.

మలికిపురం తోట

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలండి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి షెడ్డుకు వేరే లైను వేయించడం మొదటి పనిగా పెట్టుకుంటాను. ఇంకా రెండు సందేహాలున్నాయి. చెరువు దగ్గర పాత జి.ఐ. పైపులు చాలా పడి ఉన్నాయి, వాటితో కొన్ని స్టాండ్లు చేసుకోవచ్చా? జనరేటరుకు డీజిల్ తెచ్చిన ఖాళీ డ్రమ్ములు కూడా ఉన్నాయి, నిలువుగా కోసి మేత కలిపే తొట్టెలుగా చేయాలనుకుంటున్నాను. వెల్డింగ్ పొగకు బెల్లం తిని పాలు తాగితే చాలని మా నాన్నగారు అంటున్నారు. అది ఎంతవరకు నిజం?

జవాబు: ఉండి ఆక్వా రైతు

డ్రమ్ముల గురించి ముందు చెబుతాను. వద్దండి. డీజిల్ ఖాళీ అయిన డ్రమ్ము నిండు డ్రమ్ము కంటే ప్రమాదకరం. అడుగున, అతుకు మడతల్లో మిగిలిన కొద్దిపాటి డీజిల్, వేడి తగలగానే ఆవిరై లోపలి గాలితో కలుస్తుంది. ఆ మిశ్రమానికి ఒక్క నిప్పురవ్వ చాలు, మూత ఊడి మనిషి మీదికి వస్తుంది. నీళ్లతో, సబ్బుతో కడిగాం కదా అన్న ధైర్యం పనికిరాదు, మడతల్లో ఉన్నది కడిగితే పోదు. గ్రైండర్‌తో కోసినా అదే ప్రమాదం. తొట్టెలకు నీళ్లు తప్ప మరేమీ పోయని ప్లాస్టిక్ డ్రమ్ములు కొనుక్కోండి, రంపంతో కోసుకోవచ్చు.

దీనికి దగ్గరి సంగతే ఇంకొకటి ఉంది. ఏరేటర్ ఫ్రేము పైపులు రెండు చివర్లా మూసి ఉంటాయి, తుప్పు కన్నం నుంచి లోపలికి చెరువు నీరు చేరి ఉంటుంది. అలాంటి పైపు మీద అతుకు వేస్తే లోపలి నీరు ఆవిరై ఒత్తిడి పెరుగుతుంది. కరుగుతున్న చోటు నుంచే మరిగే ఆవిరి, లోహపు చుక్కలు ముఖం మీదికి చిమ్ముతాయి. మూసిన పైపు ఏదైనా సరే, ముందు డ్రిల్లుతో చిన్న కన్నం పెట్టి, ఒంచి నీరు కార్చి, పని అయ్యాక ఆ కన్నాన్ని పూడ్చుకోండి.

జి.ఐ. పైపు మీద ఉన్నది జింకు పూత. ఆర్కు వేడికి ఆ జింకు తెల్లని పొగగా లేస్తుంది, తెల్లని దూదిలాంటి నుసి చుట్టూ పడుతుంది. ఆ పొగ పీల్చినవారికి అప్పుడేమీ తెలియదు. కొన్ని గంటలకు, సాధారణంగా ఆ రాత్రి, నోట్లో లోహపు రుచి, తరువాత వణుకు, ఒళ్లునొప్పులు, జ్వరం వస్తాయి. మన ప్రాంతంలో దాన్ని మలేరియా అనుకుని రక్తపరీక్షకు పరుగెత్తడం సహజం. ఒకటి రెండు రోజుల్లో అదే తగ్గుతుంది, కానీ తగ్గింది కదా అని మళ్లీ మళ్లీ పీల్చేది కాదు. డాక్టరు దగ్గరికి వెళితే జి.ఐ. పైపుకు వెల్డింగ్ చేశానని తప్పకుండా చెప్పండి. పైపు వాడాలనుకుంటే అతుకుకు రెండు వైపులా రెండేసి అంగుళాల మేర పూతను గ్రైండర్‌తో తీసేసి, ఇనుము రంగు కనబడ్డాకే రాడ్డు ఆనించండి. పూత తీసేటప్పుడు కూడా మాస్కు ఉండాలి. పని అయ్యాక ఆ చోట జింక్ పెయింటు రెండు పూతలు వేయకపోతే ఒక వర్షాకాలం కూడా నిలవదు.

బెల్లం, పాలు తాగడం వల్ల నష్టం లేదు గాని పొగకు అవి మందు కావు. పొగ వెళ్లేది ఊపిరితిత్తులకు, బెల్లం వెళ్లేది పొట్టకు. మామూలు ఇనుము మీద వచ్చే పొగ కూడా మంచిది కాదు. వెల్డింగ్ పొగ క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో నిర్ధారించి, దాన్ని మొదటి వర్గంలో చేర్చింది. తువ్వాలు మూతికి కట్టుకుంటే ఆ సన్నని కణాలు ఆగవు. హెల్మెట్ లోపల ఇమిడే ఎన్95 లేదా ఎఫ్.ఎఫ్.పి.2 మాస్కు పెట్టుకోండి. అంతకంటే ముఖ్యం, తలను పొగ లేచే దారిలో ఉంచకండి. గాలి వచ్చే వైపు పక్కకు నిలబడి, షెడ్డు రెండు వైపులా తెరిచి, ఫ్యాను పెడితే పొగ మీ ముఖం మీదుగా కాకుండా పక్కనుంచి పోయేటట్లు పెట్టండి. పాత రంగు ఉన్న ఇనుమును కూడా గీకకుండా కాల్చవద్దు.

కొబ్బరి డొక్కల గుట్టను అక్కడినుంచి తీయించండి. నిప్పురవ్వలు పది మీటర్ల దూరం కూడా దొర్లుకుంటూ పోతాయి. పీచులో పడిన రవ్వ మంట లేకుండా లోపల్లోపల రాజుకుని, మీరు భోజనానికి వెళ్లాక బయటపడుతుంది. పని ఆపాక కనీసం అరగంట, వీలైతే గంట సేపు అక్కడ ఒక మనిషి ఉండాలి. పొడి పౌడరు అగ్నిమాపక సిలిండరు ఒకటి, ఇసుక బకెట్టు ఒకటి షెడ్డు గుమ్మం దగ్గర ఉంచండి. యంత్రం ఆఫ్ చేసి ప్లగ్గు తీయకుండా మాత్రం నీళ్లు చల్లవద్దు.

జవాబు: కాకినాడ నేత్ర సహాయకుడు

కళ్ల విభాగంలో పనిచేస్తున్నాను కాబట్టి నాకు తెలిసినంత వరకు రాస్తాను. ఆర్కు వెలుగు కొట్టిన కన్ను వెంటనే నొప్పి పుట్టదు. ఆరు నుంచి పన్నెండు గంటల తరువాత, నిద్రపోయే వేళకు, కంట్లో ఇసుక పోసినట్లు గరగరలాడి, నీరు కారి, దీపం వెలుగు కూడా భరించలేని స్థితి వస్తుంది. కంటి నల్లగుడ్డు పైనున్న పలుచని పొర కాలడం వల్ల ఇలా అవుతుంది. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో ఆ పొర తిరిగి పెరుగుతుంది. అయినా డాక్టరుకు చూపించుకోవాలి. అర్ధరాత్రి ఇంటికి వచ్చిన పెద్దలు చనుబాలు పోయమని, బంగాళాదుంప ముక్క పెట్టమని చెబుతారు, అవేమీ చేయకండి. కాలిన కంటిలోకి శుభ్రత లేనిది ఏది వెళ్లినా పుండు పడుతుంది. మందుల కొట్టులో సొంతంగా అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసుకోవడం ఇంకా ప్రమాదం. నొప్పి తెలియకుండా చేసే మత్తు చుక్కలు ఆసుపత్రిలో పరీక్షకు ఒకసారి వేస్తారు, ఇంటికి తీసుకెళ్లి వేసుకుంటూ ఉంటే పొర మానదు.

గ్రైండర్ రజను గుచ్చుకున్న కన్ను వేరు. ఆ ఇనుప నలుసు ఒక్కరోజు ఉన్నా చుట్టూ తుప్పు రింగు ఏర్పడుతుంది. నలపకుండా, సూదితోనో రుమాలు కొసతోనో తీయించుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

మీ షెడ్డు గురించి ఒక మాట. కొత్త అల్యూమినియం పూత రేకులు లోపలివైపు తళతళలాడుతూ ఉంటే ఆర్కు కిరణాలు వాటి మీద పడి వెనక్కి మళ్లి, హెల్మెట్ వెనుక సందులోంచి కళ్లకు చేరతాయి. మీరు నిలబడే చోటుకు వెనుకనున్న రేకులకు మెరుపు లేని ముదురు రంగు వేయించండి. ఇంట్లో పిల్లలుంటే ఆర్కును చూడకుండా ఉండలేరు, కాబట్టి పని చేసే మూలకు అడ్డంగా ఒక పాత ఇనుప రేకు నిలబెట్టండి. టార్పాలిన్ అడ్డం కడితే అంటుకుంటుంది.

మలికిపురం తోట

డ్రమ్ముల ఆలోచన మానుకున్నానండి. డొక్కల గుట్టను పీచు మిల్లువారికి అమ్మేస్తాను. ఆటో హెల్మెట్, తోలు గ్లౌజులు, బూట్లు, గాగుల్స్, మాస్కులు, గార్డుతో ఉన్న గ్రైండర్ ముందు కొని, లైను పని పూర్తయ్యాక యంత్రం కొంటాను. చివరిగా ఒకటి అడగాలి. మా దగ్గర వానాకాలంలో అప్పడాలు కూడా మెత్తబడతాయి, రాడ్లను ఎలా దాచుకోవాలి?

జవాబు: పాలకొల్లు ఫ్యాబ్రికేషన్

రాడ్ల పెట్టె విప్పగానే, గాలి చొరని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి, గోడకు ఆనించకుండా ఎత్తుగా పెట్టండి. చెమ్మగిల్లిన 6013 రాడ్డును ఆనిస్తే ఆర్కు చిటపటలాడుతుంది, పైపూత పెళుసుబారి రాలుతుంది, అతుకు మీద సన్నని బెజ్జాలు కనిపిస్తాయి. అలాంటి వాటిని 100 నుంచి 120 డిగ్రీల వేడిలో గంటసేపు ఆరబెడితే చాలావరకు తిరిగి పనికివస్తాయి, ఎండలో పెడితే సరిపోదు. అన్నం వండే పొయ్యి మీదో, ఇంట్లో వాడే ఓవెన్‌లోనో మాత్రం పెట్టకండి, పైపూతలోనివి తినే వస్తువులకు తగలకూడదు. ఇనుప కంబి బయటపడి తుప్పుపట్టిన రాడ్లను పారేయండి.

7018 రకం రాడ్లు గట్టివని ఎవరైనా చెప్పి అంటగడితే ఇప్పుడప్పుడే తీసుకోవద్దు. వాటిని తిరిగి ఆరబెట్టాలంటే 300 డిగ్రీలకు పైన వేడి చేసే ఓవెన్ కావాలి, అది ఇంటి దగ్గర కుదరదు. 6013లోనే 2.5 రాడ్లు ఒక చిన్న ప్యాకెట్టు తెచ్చుకుని, అది అయ్యాక రెండోది తెచ్చుకోండి. జూన్ నుంచి అక్టోబరు వరకు పెద్ద పెట్టె కొని నిల్వ పెట్టుకోవడం మా షాపులో కూడా మానేశాం.